డిశ్చార్జి కాగితం గ్రామ సచివాలయం దాకా ఎందుకు రాదు?

సంపాదకుల గారికి నమస్కారం.

పేదవాళ్లకు ఉచిత వైద్యం బాగా అందుతోందని మీ జిల్లా పేజీలో తరచూ చదువుతుంటాం. అదేం అబద్ధం కాదు. గుండెకు స్టెంట్ వేయించుకున్న కూలీలు, విరిగిన కాలికి రాడ్డు వేయించుకున్న గొర్రెల కాపరులు నాకే తెలుసు. 2007లో ఆరోగ్యశ్రీ రాకముందైతే ఎకరమో అరెకరమో అమ్ముకుంటే తప్ప అయ్యే పని కాదది. ఇప్పుడు దాని పేరు ఎన్టీఆర్ వైద్య సేవ, రేపు ఇంకోటి కావచ్చు, పేరు గురించి నాకేం పట్టింపు లేదు. నేను రాస్తున్నది వైద్యం అయిపోయి, ఫైలు చేతిలో పెట్టి, ఇక ఇంటికి పోవచ్చు అన్నాక ఏం జరుగుతోందన్న సంగతి. అక్కడి నుంచి ఆ మనిషి ఎవరికీ పట్టడం లేదు.

నేను బ్యాంకులో గుమాస్తాగా చేసి రిటైరయ్యాను. ఉద్యోగమంతా చిత్తూరు జిల్లా పల్లెల్లోనే, ఇప్పుడు తిరుపతిలో ఉంటున్నాను. ఫారాలు నింపడం రానివాళ్లు, ఆన్‌లైన్లో ఏముందో చూసిపెట్టమనేవాళ్లు పొద్దున పూట మా ఇంటికి వస్తుంటారు, పాత పరిచయాలు మరి. ఒకప్పుడు పంట రుణాల గురించి, డ్వాక్రా ఖాతాల గురించి అడిగేవాళ్లు. ఈమధ్య వచ్చేవాళ్లలో చాలామంది చంకలో ఆసుపత్రి ఫైలుంటోంది.

అలా వచ్చిన ఒకామె సంగతి చెబుతాను. నగరి వైపు వాళ్లు, మరమగ్గాల షెడ్డులో పని. భర్తకు టీబీ అని తేలింది, మందులు ఉచితంగానే ఇస్తున్నారు, ఆశా కార్యకర్త కూడా వచ్చి మాత్రలు మింగుతున్నాడో లేదో కనుక్కుంటోంది. ఆమె ఏమందంటే, "అన్నా, మాత్రలు ఊరికే ఇస్తా ఉండారు, ఆయనకేమో ఇప్పుడిప్పుడే ఆకలి పుడతా ఉండాది, గుడ్లు పెట్టు, పప్పు పెట్టు అంటారు, షెడ్డుకు పోకుంటే కూలి యాడిది?" టీబీ రోగుల తిండికోసం కేంద్ర ప్రభుత్వం నిక్షయ్ పోషణ యోజన కింద 2018 నుంచి నెలకు 500 రూపాయలు ఇస్తోంది, 2024 నవంబరు నుంచి దాన్ని 1,000 చేశారు. ఆ డబ్బు వీళ్లకు రాలేదు. టీబీ విభాగంలో అడిగితే మేం ఎప్పుడో వేసేశాం అన్నారట. బ్యాంకులో అడిగితే మాకేం రాలేదు అన్నారట.

ఇద్దరూ నిజమే చెప్పారు. జరిగిందేమంటే, ఆయన కొన్నేళ్ల కిందట తిరుప్పూరులో పనిచేసేటప్పుడు అక్కడ ఇంకో బ్యాంకులో ఖాతా తెరిచాడు. ఆధార్‌కు చివరిగా ఏ బ్యాంకు ముడిపడి ఉంటే సర్కారు డబ్బు ఆ బ్యాంకుకే పోతుంది, మనం ఫారంలో ఏ ఖాతా నంబరు రాశాం అన్నదాంతో దానికి సంబంధం ఉండదు. ఆ పాత ఖాతాకు పాస్‌బుక్కు లేదు, ఏటీఎం కార్డు ఎక్కడ పోయిందో తెలియదు, డబ్బు మాత్రం బుద్ధిగా అందులో పడి కూర్చుంది. బ్యాంకులో పనిచేసిన ఎవడికైనా ఇది ఐదు నిమిషాల్లో తెలిసిపోయే విషయం. కానీ టీబీ విభాగంలో ఉన్నవాళ్లకు ఖాతాల సంగతి తెలియాల్సిన పనిలేదు, బ్యాంకు కౌంటర్లో ఉన్న అబ్బాయికి నిక్షయ్ అంటే ఏంటో తెలియాల్సిన పనిలేదు. రెండూ తెలిసిన మనిషి ఆ వ్యవస్థలో ఎక్కడా లేడు. మధ్యలో కూలి పోగొట్టుకుని తిరిగింది ఆమె.

తిండిదేముందిలే, మందులు ముఖ్యం అనుకునేవాళ్లకు ఒక మాట. ఝార్ఖండ్‌లో టీబీ రోగుల ఇళ్లలో ఒక పెద్ద అధ్యయనం జరిగింది, 2023లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. కొన్ని ఇళ్లలో రోగికి మాత్రమే నెలనెలా సరుకులిచ్చారు, కొన్నిళ్లలో రోగితో పాటు ఇంటిల్లిపాదికీ బియ్యం, పప్పు ఇచ్చారు. ఇంటిల్లిపాదికీ ఇచ్చిన చోట మిగతావాళ్లకు కొత్తగా టీబీ రావడం 39 శాతం తగ్గింది, దగ్గుతో ఇతరులకు అంటించే రకమైతే 48 శాతం తగ్గింది. బియ్యం, పప్పుతో! అసలు ఇది మన ప్రాంతానికి కొత్త సంగతి కూడా కాదు. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం శానిటోరియంలో టీబీకి మందే లేని రోజుల్లో చేసిన వైద్యం గాలి, విశ్రాంతి, మంచి తిండి. మందులొచ్చాయి, మంచిదే, కానీ మందులు వచ్చాయని తిండిని పక్కకు నెట్టేశాం.

మరి ఆ నగరి మనిషికి స్టోరు బియ్యంతో పాటు నెలకు రెండు కిలోల కందిపప్పు అదనంగా ఇవ్వడానికి అడ్డేమిటి? ఆయన రేషన్ కార్డు ఉంది, డీలరు ఉన్నాడు, తూకం ఉంది. ఆయనకు టీబీ ఉందన్న విషయం ఆరోగ్య శాఖకు తెలుసు. పౌర సరఫరాల శాఖకు తెలియదు. 65 దాటినవాళ్లకూ దివ్యాంగులకూ రేషన్ సరుకులు ఇంటికే ఇచ్చే ఏర్పాటు చేసిన ప్రభుత్వానికి ఈ ఆరు నెలల రోగిని ఆ జాబితాలో కలపడం పెద్ద పనేం కాదు, కలపాలని ఎవరైనా అనుకోవాలి అంతే.

ఇంకొకాయన బంగారుపాళ్యం వైపు మామిడి మండీలో మూటలు మోసే మనిషి. యాభై దాటాయో లేదో, పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యి, ఎడమ కాలు పడిపోయాయి. 108 వచ్చింది, ఒక పెద్దాసుపత్రిలో చేర్చుకున్నారు, స్కానింగు తీశారు, ప్రాణం నిలబెట్టారు, పైసా తీసుకోలేదు. దండం పెట్టాల్సిందే. డిశ్చార్జి రోజు ఇచ్చిన కాగితాలు నేను చూశాను. పేజీలకు పేజీలు ఇంగ్లీషు, చివర్లో మందుల పట్టిక, దాని కింద ఒక లైను: ఫిజియోథెరపీ చేయించాలి, రెండు వారాల తర్వాత మళ్లీ చూపించాలి. ఎక్కడ చేయించాలి, ఎవరు చేస్తారు, ఆ పల్లె నుంచి నడవలేని మనిషిని ఎలా తీసుకురావాలి, ఆ లైనులో ఉండదు. ఆయన కొడుకు ఆ లైను కింద వేలు పెట్టి "ఇదేంది సార్, ఇంజక్షనా?" అని అడిగాడు. భార్య కూడా కూలికి పోయే మనిషే, ఇప్పుడు ఆయన్ని వదిలి పోలేదు, అంటే ఒక జబ్బుకు ఇంట్లో ఇద్దరి కూలి డబ్బులూ ఆగిపోయాయి. ఫిజియోథెరపీ, అంటే పడిపోయిన చేతికీ కాలికీ చేయించే కసరత్తు, లేక ఆ చెయ్యి అలాగే బిగుసుకుపోయింది.

పింఛనుకు పెట్టుకుందామంటే సదరం సర్టిఫికెట్, అంటే వైకల్యం ఎంతుందో డాక్టర్లు చూసి ఇచ్చే కాగితం, కావాలి. దానికి స్లాట్ బుక్ చేసుకోవాలి, స్లాట్లు తెరిచిన కాసేపటికే అయిపోతాయి, ఎప్పుడు తెరుస్తారో ముందుగా తెలియదు. దొరికిన రోజున ఆటో మాట్లాడుకుని, దుప్పట్లో కూర్చోబెట్టి నలుగురు మోసుకొచ్చి, ఆసుపత్రి వరండాలో టోకెన్ పిలిచే దాకా పడుకోబెట్టాలి. ఈ మనిషికి కాలూ చెయ్యీ పనిచేయడం లేదని నిరూపించడానికి! మెదడు స్కానింగుతో సహా ప్రభుత్వ డబ్బుతోనే తీసి, ప్రభుత్వానికే బిల్లు పంపి, ఆ వివరాలన్నీ కంప్యూటర్లో పెట్టుకున్నాక మళ్లీ ఈ నిరూపణ దేనికి?

పక్షవాతంలో కొంత కోలుకునే అవకాశం ఉంటుంది కాబట్టి సర్టిఫికెట్‌కు కొన్ని నెలలు ఆగాలని డాక్టర్లు అంటారు. అందులో న్యాయముంది, ఒప్పుకుంటాను. మరి ఆ నెలలు ఇంట్లో ఏం తినాలి? సరిగ్గా ఈ ఖాళీని చూసే 2019 డిసెంబరులో ఆరోగ్య ఆసరా అని పెట్టారు, ఆపరేషనయ్యి విశ్రాంతి తీసుకునే రోజులకు రోజుకు 225 రూపాయలు, నెలకు 5,000 దాటకుండా. అది ఏ పార్టీ పెట్టింది అన్న గొడవ నాకొద్దు. మంచాన పడ్డ కూలీకి కూలి డబ్బు కూడా వైద్యంలో భాగమే అని ఒప్పుకున్న పథకం అది, అంతవరకు సరైన ఆలోచన. 104, 108 ప్రభుత్వాలు మారినా నిలబడ్డాయి కదా, ఈ ఆలోచన కూడా అలా నిలబడాలని నా కోరిక.

ఇంకో విషయం. 2025 జనవరిలో మంచాన ఉన్నవాళ్ల 15,000 రూపాయల పింఛన్లు తనిఖీ చేయడానికి డాక్టర్ల బృందాలు ఇళ్లకే వెళ్లాయి. దొంగ సర్టిఫికెట్లు పట్టుకోవాలి, నాకేం అభ్యంతరం లేదు, నా చిన్ననాటి నుంచీ చూస్తున్నా, ఏ పథకం వచ్చినా ముందు వరుసలో నిలబడేది అవసరం లేనివాడే. కానీ ఉన్న పింఛను సరైనదో కాదో చూడటానికి డాక్టరు ఇంటికి రాగలిగినప్పుడు, కొత్తగా మంచాన పడ్డవాణ్ణి చూసి సర్టిఫికెట్ ఇవ్వడానికి మాత్రం ఎందుకు రాలేడు? జీపు అదే, డాక్టరు అదే, రోడ్డు అదే.

ఇక సచివాలయాల సంగతి. 2019 అక్టోబరు 2 నుంచి ఊరూరా ఇవి ఉన్నాయి, పల్లెలో సుమారు రెండు వేల మందికి ఒకటి. ఒకే భవనంలో ఊరి ఆరోగ్యం చూసే నర్సు ఏఎన్ఎం ఉంటుంది, పింఛన్లు చూసే వెల్ఫేర్ అసిస్టెంట్ ఉంటాడు, దరఖాస్తులు పెట్టే డిజిటల్ అసిస్టెంట్ ఉంటాడు. వైద్యం, సంక్షేమం రెండూ ఒకే కప్పు కిందికి తెచ్చిన రాష్ట్రం మనది, బయటి రాష్ట్రాలవాళ్లు వచ్చి చూసి పోవాల్సిన ఏర్పాటు ఇది. కానీ ఏఎన్ఎం చేతిలో ఒక యాప్, పక్క కుర్చీలో ఉన్నతని ఫోన్లో ఇంకో యాప్, ఒకదాని సంగతి ఇంకోదానికి తెలియదు. వాళ్లిద్దరూ మధ్యాహ్నం ఒకే బల్ల మీద క్యారియర్ విప్పుకుని తింటారు. ఫలానా వీధిలో ఒకాయన పక్షవాతంతో ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చాడని ఇద్దరికీ తెలియదు, తెలిస్తే ఊళ్లోవాళ్లు చెప్పుకుంటే తెలియాలి.

నేను అడిగేది చాలా చిన్నది. ఆసుపత్రిలో డిశ్చార్జి చేసే రోజున ఆ మనిషి ఏ సచివాలయం కిందికి వస్తాడో చూసి అక్కడికి ఒక సమాచారం పోవాలి. రోగి ఫలానా, నడవగలడు లేదా నడవలేడు, ఇన్ని నెలలు పనికి పోలేడు, ఈ మందులు వాడాలి, ఫిజియోథెరపీ అవసరం. దాన్ని అందుకున్నాక వారం లోపల ఏఎన్ఎం, వెల్ఫేర్ అసిస్టెంట్ కలిసి ఒకసారి ఆ ఇంటికి పోవాలి. రేషన్ కార్డు పనిచేస్తోందా, ఆధార్‌కు ఏ ఖాతా ముడిపడి ఉంది, ఇంట్లో సంపాదించేవాళ్లు ఇంకెవరైనా ఉన్నారా, బడి మానేసిన పిల్లలున్నారా, అక్కడే చూసుకోవాలి. సదరం దరఖాస్తు ఆసుపత్రి మంచం మీద ఉండగానే మొదలవ్వాలి, గడువు వచ్చాక డాక్టరే కబురు పెట్టాలి.

దీన్ని ఆసుపత్రిలో ఎవరు చేస్తారు అంటే ఆరోగ్యమిత్రలున్నారు. రోగికి దారి చూపించడానికే కదా వాళ్లను పెట్టింది. ఇప్పుడు వాళ్ల రోజంతా ఫోటోలు తీయడం, కాగితాలు అప్‌లోడ్ చేయడం, అనుమతి వచ్చిందా లేదా చూడటంతోనే సరిపోతోంది. పెద్దాసుపత్రులకు అదనంగా ఇద్దరు ముగ్గురు సోషల్ వర్కర్లను ఇస్తే మేలు. ఇదేమీ విదేశీ సరుకు కాదు, ముంబైలో జేజే ఆసుపత్రిలో 1946లోనే మెడికల్ సోషల్ వర్కర్‌ను పెట్టారు. అదే ఏడాది దేశంలో వైద్యం ఎలా ఉండాలో చెప్పడానికి వేసిన భోర్ కమిటీ నివేదిక కూడా వచ్చింది, ప్రతి డాక్టరూ సామాజిక వైద్యుడు కావాలని, వైద్య విద్యార్థులకు మూడు నెలలు ఆ శిక్షణ ఉండాలని అందులో రాశారు. పుస్తకాల్లో ఆ పాఠం ఇప్పటికీ ఉంది, పరీక్షలో మార్కులు కూడా వస్తాయి.

కలిసి పనిచేయడం మనవాళ్లకు రాదా అంటే, వస్తుంది. బుధవారం, శనివారం అంగన్వాడీలో టీకాలు వేసేటప్పుడు చూడండి, ఏఎన్ఎం సూది వేస్తుంది, ఆశా ఇంటింటికీ పోయి తల్లుల్ని పిలుచుకొస్తుంది, అంగన్వాడీ టీచరు బరువు తూచి గుడ్డు, పాలు ఇచ్చి పంపుతుంది. వేర్వేరు శాఖల మనుషులే. పిల్లల విషయంలో ఏళ్ల తరబడి చేస్తున్నదాన్ని మంచాన పడ్డ ముసలాయన విషయంలో ఎందుకు చేయలేం? తిరుపతిలోనే ఇంకో ఉదాహరణ ఉంది. రుయా, స్విమ్స్, ప్రసూతి ఆసుపత్రుల్లో రోగులతో పాటు వెంట వచ్చినవాళ్లకు కూడా టీటీడీ అన్నప్రసాదం పెడుతోంది. కడుపు కాలితే తోడున్న మనిషి ఊరికి వెళ్లిపోతాడని, తోడు లేకపోతే రోగి కూడా లేచి పోతాడని కనిపెట్టి చేసిన పని అది. గేటు లోపల ఉన్న ఆ ఇంగితం గేటు దాటాక కూడా కొంచెం దూరం రావాలంటున్నాను.

కేరళలో 2008లోనే పాలియేటివ్ కేర్ (నయం కాని జబ్బుల్లో బాధ తగ్గించే సేవ) విధానం తెచ్చి పంచాయతీలకు అప్పగించారు, నర్సు ఇంటికే వచ్చి మంచాన ఉన్నవాళ్లను చూసి పోతుంది. మన దగ్గర నెల మొదటి తారీఖున సచివాలయం సిబ్బంది పింఛను డబ్బుతో ప్రతి ముసలివాళ్ల గడపా తొక్కుతున్నారు. వేలిముద్ర వేయించుకునే ఆ రెండు నిమిషాల్లోనే "బీపీ మాత్రలు ఉన్నాయా, అయిపోయాయా?" అని ఒక మాట అడిగి ఏఎన్ఎంకు చెబితే ఎన్ని పక్షవాతాలు ముందే ఆగుతాయో. ఆడవాళ్లకు ఉచిత బస్సు పెట్టిన 2025 ఆగస్టు నుంచి మా ఇంటికి వచ్చే ఆడవాళ్లు చెకప్‌కు తప్పకుండా పోతున్నామని చెబుతున్నారు, ఆరోగ్య శాఖతో సంబంధం లేని పథకం ఆరోగ్యానికి ఎంత సాయం చేసిందో చూడండి. వారానికి రెండు మూడుసార్లు డయాలసిస్‌కు పోయే మగవాడికి మాత్రం ఆ పథకం వర్తించదు.

అన్నిటికన్నా వెనకబడింది శ్రీకాళహస్తి, సత్యవేడు వైపు యానాది కుటుంబాలు. ఆధార్ లేనివాళ్లు ఇంకా ఉన్నారు. ఆధార్ లేకపోతే రేషన్ కార్డు లేదు, కార్డు లేకపోతే వైద్య సేవ లేదు, చెరువు గట్టున గుడిసె వేసుకున్నవాళ్లకు చిరునామా రుజువు ఎక్కడిది? అలాంటి మనిషి జ్వరంతో ఆసుపత్రికి వచ్చిన రోజే ఆధార్ నమోదు కూడా అక్కడే చేయించి పంపాలి. మళ్లీ దొరకడు.

దీనికి అడ్డు చెప్పేవాళ్లు ఉంటారు, కొన్ని మాటల్లో నిజం కూడా ఉంది. టీబీ అని ఊళ్లో తెలిస్తే పెళ్లి కావాల్సిన ఆడపిల్ల ఉన్న ఇంటికి ఎంత కష్టమో నాకు తెలుసు. అందుకే రోగిని అడిగి, సరే అంటేనే పంపాలి, జబ్బు పేరు ఏఎన్ఎంకు తప్ప ఎవరికీ అక్కర్లేదు, వెల్ఫేర్ అసిస్టెంట్‌కు "ఆరు నెలలు పనికి పోలేడు" అన్నంతవరకు తెలిస్తే చాలు. వీధి నాయకుడు చదివే వాట్సాప్ గ్రూపులో పడేస్తే మాత్రం ఈ పని చేయకపోవడమే మేలు. రెండోది, ఏఎన్ఎంల మీద ఇప్పటికే మోయలేనంత పని ఉంది, ఆశాలకు ఇచ్చేది నెలకు 10,000 రూపాయలు. వాళ్ల మీద ఇంకో యాప్ రుద్దితే అందులో టిక్కులు పడతాయి గానీ ఎవరూ ఇంటికి పోరు. కొత్తది పెట్టే ముందు ఉన్నవాటిలో పనికిరాని రెండు తీసేయండి. ఖర్చంటారా, సమాచారం ఒక చోటి నుంచి ఇంకో చోటికి పంపడానికి అయ్యేదెంత? అదే పక్షవాతం మనిషి మందులు మానేసి మళ్లీ పడిపోతే స్ట్రెచరు మీద తిరిగొచ్చి వారం రోజులు ఐసీయూలో ఉంటాడు, ఆ బిల్లు కూడా ప్రభుత్వమే కడుతుంది.

ముందు ఒక్క మండలంలో చేసి చూడమని కలెక్టర్లిద్దరినీ, అంటే తిరుపతి, చిత్తూరు ఇద్దరినీ, మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. వాళ్లకు నేను విడిగా కూడా రాస్తాను, స్పందన వస్తే మీకు చెబుతాను.

ఈలోగా మీ చేతిలో ఉన్న పని ఒకటుంది. సదరం స్లాట్లు ఏ రోజు తెరుస్తారో, ఏ ఆసుపత్రిలో ఏ వైకల్యానికి ఏ వారం చూస్తారో కనుక్కుని జిల్లా పేజీలో ముందురోజే చిన్న బాక్సు కట్టి వేయండి. సినిమా థియేటర్ల ప్రకటనల పక్కన వేసినా చాలు, మావాళ్లు ఆ పేజీ తప్పకుండా చూస్తారు.

ఇట్లు,
ఒక విశ్రాంత బ్యాంకు ఉద్యోగి,
తిరుపతి